దసలి పురుగు పేరూ ఊరూ

ఆరుద్ర కార్తె వానలు పడుతున్న రోజుల్లో, మహదేవ్‌పూర్ అడవిని ఆనుకొని ఉన్న మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో నాలుగు రోజులు గడిపాను. రెండో రాత్రి భోజనాలు అయ్యాక కరెంటు పోయి వచ్చింది. వసారాలో ట్యూబులైటు వెలిగిన కాసేపటికి ఇటుక రంగు శలభం ఒకటి ఎగిరివచ్చి, గోడకు రెండు మూడుసార్లు కొట్టుకొని, సున్నం పెచ్చు ఊడిన చోట వాలింది. పెద్దమ్మ దానిని గబ్బిలం అనుకొని తువ్వాలు ఎత్తింది. మరునాటి రాత్రి దాదాపు అదే వేళకు ఇంకొకటి వచ్చింది. అది మొదటిదానికంటే పెద్దది, పండిన మామిడి తొక్క రంగులో ఉంది, పొట్ట బరువుగా వేలాడుతోంది. రెండూ రెండు వేర్వేరు జాతులని నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుటలో నేను చేసిన తప్పుల్లో అది మొదటిది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇంగ్లీషులో మాత్ అనే ఈ ప్రాణికి మన వాడుకలో సరిపడే పేరు లేదు. చిమ్మట అంటే బట్టలు కొట్టేసే పురుగే గుర్తుకు వస్తుంది. పత్రికలవాళ్ళు రాత్రి సీతాకోకచిలుక అంటారు, అది అన్నం ముద్దను తెల్లని గుండ్రని పదార్థం అన్నట్టుగా ఉంటుంది. శలభం అనే మాటకు సంస్కృతంలో మిడత అనే అర్థం కూడా ఉన్నప్పటికీ, దీపం చుట్టూ తిరిగే పురుగు అనగానే తెలుగువాళ్ళ మనసులో మెదిలేది ఆ మాటే కనుక, నేను దానినే వాడుతున్నాను.

ఫోటోలు తీసి బంధువుల వాట్సాప్ గుంపులో పెట్టగానే పావుగంటలో తీర్పు వచ్చేసింది. అందరూ ఒకే మాటగా అట్లాస్ మాత్ అన్నారు. పెద్ద శలభం ఏది కనిపించినా మనవాళ్ళు అట్లాస్ అనడం, దాని రెక్క కొసలో పాము తల ఉంటుందని ఎవరో ఒకరు జోడించడం మామూలే. నేను కూడా మొదట సరేననుకున్నాను. కానీ పెద్దమ్మ మనవడి స్కూలు స్కేలు తెచ్చి కొలిస్తే, పసుపు రంగు శలభం రెక్కల ఒక కొస నుంచి రెండో కొసకు 16 సెంటీమీటర్లు మాత్రమే ఉంది. బాగా ఎదిగిన అట్లాస్ 24 సెంటీమీటర్లు కూడా దాటుతుంది. పరిమాణం ఒక్కటే రుజువు కాదు, చిన్న అట్లాస్‌లు కూడా ఉంటాయి. అసలు తేడా రెక్కల మీది కిటికీలలో ఉంది.

శలభాల రెక్కలు నిజానికి పలుచని పొరలు, వాటి మీద పెంకుల్లా పరచుకున్న సన్నని పొలుసులే రంగులన్నింటికీ మూలం. వేలితో ముట్టుకుంటే అంటుకొనే పొడి అదే. అట్లాస్ వంటి పెద్ద శలభాల కుటుంబంలో చాలావాటికి రెక్క మధ్యలో ఒకచోట పొలుసులు ఉండవు, అక్కడ పొర అద్దంలా ఉంటుంది. గోడ మీద వాలిన మా అతిథి రెక్కలోని ఆ అద్దం గుండా వెనక ఉన్న సున్నపు చార కూడా కనిపించింది. అట్లాస్‌కు ఈ అద్దం ముక్క మూడు మూలలతో, సమోసా ఆకారంలో ఉంటుంది. మేము చూసినదానికి మాత్రం నాలుగు రెక్కల మీదా గుండ్రని అద్దపు బిళ్ళలు ఉన్నాయి. ఒక్కొక్క బిళ్ళ చుట్టూ సన్నని రంగు వలయాలు ఉండడం వలన, దూరం నుంచి చూస్తే కాటుక దిద్దిన కళ్ళలా కనిపించాయి. రెక్కల వెలుపలి అంచుకు సమాంతరంగా ఒక గీత ముందు రెక్కలలోనూ వెనక రెక్కలలోనూ సాగింది. పాము తల ఎక్కడా లేదు. మామిడి, జీడిమామిడి చెట్ల ఆకులు తినే క్రికులా అనే దగ్గరి బంధువు కూడా మన దగ్గర ఉంది కానీ, అది చాలా చిన్నది, దాని కిటికీలు చెదలు తిన్న చిల్లుల్లా వలయాలు లేకుండా ఉంటాయి. లేత ఆకుపచ్చ రంగులో పొడవైన తోకలతో ఉండే చంద్ర శలభాన్ని నేను ఇదివరకే ఒక గుంపెన చెట్టు కొమ్మ మీద చూశాను, దానిని చూసినవాళ్ళు మరొకదానితో పొరబడే అవకాశం లేదు.

ఇంతవరకూ వచ్చేసరికి ఇది ఆంథెరియా అనే ప్రజాతికి, అంటే దగ్గరి బంధువులైన జాతుల గుంపుకు చెందినదని నాకు నమ్మకం కుదిరింది. ఇటుక రంగుదీ పసుపుదీ రెండు జాతులన్న నా రాతను కొట్టివేసినది మీసాలు. ఇటుక రంగుదాని మీసాలు వెడల్పుగా, రెండు వైపులా పళ్ళున్న దువ్వెనలా, చిన్న కొబ్బరాకులా ఉన్నాయి. పసుపుదాని మీసాలు సన్నవి. మగ శలభం చీకట్లో ఎక్కడో ఉన్న ఆడదాని వాసనను గాలిలో పట్టుకోవాలి కనుక దాని మీసాలకు అంత వెడల్పు అవసరం. ఆడదానికి ఆ పని లేదు, అది కూర్చున్న చోటనే వాసన విడుస్తుంది. అంటే ఒకే జాతికి చెందిన మగదీ ఆడదీ వరుసగా రెండు రాత్రులు మా గోడ మీదికి వచ్చాయన్నమాట. ఈ జాతిలో రంగును నమ్ముకుంటే మోసపోతాం. మగవి ఎరుపు కలిసిన గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటాయి, ఆడవి పసుపుగానో బూడిదగానో ఉంటాయి, ఒకే చెట్టు మీది కాయల నుంచి, అంటే పట్టుగూళ్ళ నుంచి కూడా రకరకాల రంగులు బయటికి రావచ్చు.

నేను ఫోన్ వెలుతురులో ఇదంతా రాసుకుంటూ ఉంటే మా పెద్దబాపు మంచం మీద నుంచే ఒక మాట అన్నాడు.

“గిది దసలి బిడ్డా. దీనికి పేరు దేవులాడుడేంది? పొద్దుగాల మద్దిచెట్ల కాడికి పోదాం, దీని కాయ చూపిస్త.”

ఆయన కుర్రతనంలో నాలుగేళ్ళు దసలి పట్టు పంట తీశాడట. ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. తెల్లవారి మమ్మల్ని తీసుకువెళ్ళినది ఊరి చెరువు వెనక ఉన్న నల్లమద్ది చెట్ల దగ్గరికి. మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన బెరడుతో దూరం నుంచే ఆ చెట్టును ఆనవాలు పట్టవచ్చు. ఆకును తిరగేసి చూస్తే కాడ దగ్గర రెండు చిన్న బొడిపెలు ఉంటాయి. వాగు ఒడ్డున ఉండే తెల్లమద్దిని కూడా ఈ పురుగు తింటుంది, రేగును కూడా తింటుంది, కానీ పెద్దబాపు లెక్కలో దసలి అంటే మద్ది, మద్ది అంటే దసలి.

పావుగంట వెతికాక తలకు కాస్త పైన ఉన్న కొమ్మకు వేలాడుతున్న ఒక పాత కాయ దొరికింది. కోడిగుడ్డు కంటే కొంచెం చిన్నదిగా, బూడిద రంగులో, వేలితో కొడితే టక్కుమనేంత గట్టిగా ఉంది. దాని పై కొస నుంచి నల్లని కాడ ఒకటి సాగి, కొమ్మ చుట్టూ ఉంగరంలా బిగుసుకుంది. ఆ ఉంగరం కూడా పురుగు తన నోటి పట్టుతోనే అల్లినది. నేను లాగి చూశాను, కొమ్మ వంగింది కానీ ఉంగరం జారలేదు. మద్ది ఎండాకాలం ముందు ఆకు రాల్చే చెట్టు కనుక, కాయను ఆకుకు అంటించి వదిలేస్తే ఆకుతోపాటు కింద పడి చెదలకో అడవి మంటకో బలి అయ్యేది. కొమ్మకే కట్టుకున్నందువలన చెట్టు మోడుగా నిలిచిన నెలల్లో కూడా లోపలి ప్యూపా నిద్రపోతూ వాన కోసం ఎదురు చూడగలుగుతుంది. కాయ పై కొసన, కాడకు దగ్గరలో చిటికెన వేలు దూరేంత రంధ్రం ఉంది. దాని అంచున పోగులు తెగినట్టు లేవు, తడిపి పక్కకు తోసినట్టున్నాయి. బయటికి వచ్చే శలభం ఒక ద్రవాన్ని వదిలి, పోగులను అతికించిన జిగురును అందులోని ఎంజైముతో కరిగించి దారి చేసుకుంటుంది. ఇంత గట్టి గూడు నుంచి బయటపడిన ఆ ప్రాణికి తినడానికి పనికివచ్చే నోరే లేదు. పురుగుగా ఉన్నప్పుడు మద్దాకు మేసి దాచుకున్న కొవ్వుతోనే అది వారమో పది రోజులో బతుకుతుంది.

కాడతో వేలాడే ఈ కాయ చూశాక గుర్తింపు విషయంలో సందేహానికి చోటు లేకుండా పోయింది. ఇది ఆంథెరియా మిలిట్టా, మన దసలి పట్టుపురుగు, హిందీవాళ్ళ తసర్. ఆ తసర్ అనే మాట నేతగాని నాడెకు సంస్కృతంలో ఉన్న తసరం అనే పేరు నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. కాయ ఆకారాన్ని చూస్తే ఆ పోలిక సహజంగానే తోస్తుంది.

అయితే శాస్త్రీయ నామం దగ్గర ఒక చిక్కు ఉంది, పాత పుస్తకాలు తిరగేసేవాళ్ళు దానిని తెలుసుకొని ఉండడం మంచిది. ఈ పురుగును పాత గ్రంథాలు చాలావాటిలో ఆంథెరియా పాఫియా అని రాశారు. పాఫియా అనే పేరును స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో పెట్టాడు. మిలిట్టా అనే పేరును లండన్‌లో వెండి పనివాడుగా బతుకుతూ పురుగులను సేకరించిన డ్రూ డ్రూరీ 1773లో పెట్టాడు. ఒకే పురుగుకు రెండు పేర్లా, రెండు పురుగులకు రెండు పేర్లా అన్న వాదం చాలాకాలం నడిచింది. ఇప్పుడు మధ్య భారతపు దసలికి మిలిట్టా అనీ, దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉండే దాని చెల్లెలి వంటి జాతికి పాఫియా అనీ విడదీసి వాడుతున్నారు. కనుక 100 ఏళ్ళ నాటి పుస్తకంలో పాఫియా అని కనిపిస్తే, అది ఏ ఊరి నమూనా గురించి రాశారో చూసుకోకుండా ఆ పేరును నమ్మకూడదు. నాకు ముచ్చట గొలిపిన సంగతి మరొకటి ఉంది. పాఫియా అంటే సైప్రస్‌లోని పాఫోస్‌లో వెలసిన గ్రీకుల ప్రేమ దేవత ఆఫ్రొడైటీ. ఆ ఆఫ్రొడైటీనే అస్సీరియన్లు మిలిట్టా అని పిలుస్తారని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అంటే రెండు పేర్లూ చివరికి ఒకే దేవతవి. మన ఊళ్ళలో ఒకే అమ్మవారిని పొలిమేరకు ఒక పేరుతో పిలిచినట్టుంది.

ఈ పురుగు గురించి తొలిరోజుల్లో వివరంగా రాసినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ఒకరు. ఆయన కలకత్తా వెళ్ళకముందు 1781 నుంచి 1793 వరకూ మన సామర్లకోటలో ఉండి, కోస్తా మొక్కలను మన పేర్లతో సహా నమోదు చేసిన మనిషి. బెంగాలులోని తసర్, ఆముదపు పట్టుపురుగుల మీద ఆయన రాసిన వ్యాసం 1804లో లండన్ లినేయన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. అందులో తసర్ పురుగును పాఫియా అనే పిలిచాడు. దాని మేత చెట్లుగా రేగునూ మద్దినీ పేర్కొన్నాడు. 200 ఏళ్ళు దాటినా ఆ మేత జాబితా మా పెద్దబాపు నోట అదే వరుసలో కాకపోయినా అవే చెట్లతో వినిపించింది.

ఇక ఊరి సంగతికి వస్తాను, నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. దసలి పురుగు సహజంగా ఉండేది మధ్య భారతపు ఆకురాల్చే అడవుల్లో. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, మధ్యప్రదేశ్, విదర్భ, బెంగాలు పడమటి జిల్లాలు, మన గోదావరి లోయ అడవులు ఆ పట్టీలోకి వస్తాయి. ఈశాన్యంలో బ్రహ్మపుత్ర లోయకు వెళితే దాని బంధువు ముగా పురుగు ఎదురవుతుంది. హిమాలయాల ఓక్ అడవుల్లో రాయిలీ అనే మరో బంధువు ఉంటుంది. ఈ పట్టీ మ్యాపు మీద గీసిన గీతలా ఉండదు, చెట్లను అనుసరించి సాగుతుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, ఏటికి అవతలి ఒడ్డున సిరోంచ మహారాష్ట్రలో ఉంది, ఇంకా తూర్పుకు పోతే బస్తర్. బస్తర్‌లో ఇదే పురుగు సాల వృక్షం మీద బతుకుతుంది, అక్కడి రకాన్ని రైలీ అంటారు, దాని కాయలను అడవి నుంచి ఏరి తెస్తారు. సాల వృక్షం లేని మన వైపు ఇది మద్దిని పట్టుకొని ఉంది.

చోటును బట్టి, చెట్టును బట్టి మారిన ఇటువంటి స్థానిక రకాలు దేశంలో 40కి పైగా ఉన్నాయని పట్టు శాస్త్రవేత్తలు లెక్క చెబుతారు. సింగ్‌భూమ్ ప్రాంతపు దాబా, ఒడిశాలోని సుకిందా, సిమిలీపాల్ అడవుల మోడల్, మహారాష్ట్ర భండారా ఇలా ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు ఉంది. మోడల్ కాయ పెద్దది. మన అడవులది చిన్నదే కానీ గట్టి కాయ. మన రకానికి శాస్త్ర గ్రంథాల్లో ఉన్న పేరు ఆంధ్రా లోకల్. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంవారు దీని మీద పరిశోధనలు చేసి పత్రాలు వెలువరించారు. దాని పుట్టిల్లుగా చెప్పే వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ అడవులన్నీ 2014 నుంచి తెలంగాణ రాష్ట్రంలో ఉన్నాయి, పురుగు పేరులో మాత్రం ఆంధ్ర అలాగే ఉండిపోయింది. ఈ విషయం పెద్దబాపుకు చెబితే నవ్వి ఊరుకున్నాడు.

ఈ రకాలన్నీ ఒకే జాతి, ఒకదానితో ఒకటి జతకడతాయి. అందువలన గోడ మీద వాలిన శలభాన్ని చూసి ఇది మిలిట్టా అని చెప్పగలమే తప్ప, ఇది ఫలానా రకమని రెక్కలు చూసి చెప్పడం సాహసమే అవుతుంది. పైగా మనుషులు ఈ పురుగును ఒకచోట ఉండనివ్వలేదు. కేంద్ర పట్టు మండలి కింద 1964లో రాంచీలో తసర్ పరిశోధన సంస్థ ఏర్పడింది. పెంపకందార్లకు రోగం లేని గుడ్లు ఇచ్చే ఏర్పాటు రాష్ట్రాలలో విస్తరించింది. దాబా రకపు గుడ్లు పుట్టిన చోటు దాటి చాలా రాష్ట్రాలకు చేరాయి. పెంపకం కూడా మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల మీద జరగదు. గుడ్లు పగిలిన పురుగులను చెట్ల మీదికి వదిలి, పిట్టలనూ చీమలనూ కందిరీగలనూ తోలుతూ రైతు ఆ చెట్ల కిందనే కాపలా ఉంటాడు. కళ్ళు తప్పిన కాయలు కొన్ని చెట్టు మీదనే మిగిలిపోతాయి. వాటి నుంచి వచ్చిన మగ శలభం అడవిలోకి ఎగిరిపోతే దానిని ఆపేవాడు లేడు. మహదేవ్‌పూర్, చెన్నూరు చుట్టుపక్కల దసలి పంట తరాలుగా ఉన్నది కనుక, మా వసారాలోకి వచ్చిన జంట అచ్చమైన అడవి బిడ్డలా, ఎవరి పంట నుంచో తప్పిపోయిన వాటి సంతానమా అన్నది రెక్కల మీద రాసి ఉండదు.

జాతిని గుర్తించేటప్పుడు మనం ఒక అడ్డదారి తొక్కుతాం. ముగా అస్సాంలో ఉంటుంది కాబట్టి ఇది ముగా కాదు, రాయిలీ హిమాలయాల్లో ఉంటుంది కాబట్టి ఇది రాయిలీ కాదు అని చోటును బట్టి పేరు తేలుస్తాం. ఆ పేరుతో నమోదైన చోటును చూసి తరువాతివాడు మ్యాపు గీస్తాడు. ఆ మ్యాపును చూసి మూడోవాడు పేరు తేలుస్తాడు. గానుగెద్దులా తిరుగుతున్నామని ఎవరికీ తోచదు. దారి తప్పిన పురుగు నిజంగా ఒకటి వస్తే ఈ పద్ధతిలో దానిని ఎవరూ పట్టుకోలేరు. అట్లాస్ విషయంలో ఇటువంటిదే జరిగింది. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉన్నది అసలు అట్లాస్ కాదనీ, టాప్రొబానిస్ అనే వేరే జాతి అనీ చెప్పే సమీక్షను, అట్లాస్ చేరిన అట్టకస్ ప్రజాతి మీద, శలభాల శాస్త్రవేత్త పైగ్లర్ 1989లో ప్రచురించాడు. అయినా పడమటి కనుమల్లో తీసిన ఫోటోల కింద అట్లాస్ అన్న పేరు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. మా బంధువుల గుంపును నేను తప్పుపట్టలేను.

అందుకని ఈసారి నా నమోదులో ఫోటో ఒక్కటే పెట్టి ఊరుకోలేదు. తేదీ, వేళ, వాన పడిందా లేదా, ఎంత దూరంలో మద్దిచెట్లు ఉన్నాయి, అందులో నల్లమద్ది ఎన్ని, ఆ ఊళ్ళో చివరిసారి దసలి పంట ఎప్పుడు తీశారు అన్నవన్నీ పెద్దబాపును అడిగి రాసుకున్నాను. కాయను కొలిచి, కాడ పొడవును విడిగా రాశాను. రకం అన్న గడిలో ఏమీ రాయకుండా వదిలివేశాను.

పసుపు శలభం మాకు ఇంకొక ఆనవాలు కూడా ఇచ్చి పోయింది. అది ఎగిరిపోయిన తెల్లవారుజామున చూస్తే, అది కూర్చున్న చోట సున్నపు గోడ మీద 11 గుడ్లు అంటుకొని ఉన్నాయి. కందిపప్పు బద్దకంటే చిన్నవి, కాస్త చప్పిడిగా, లేత మీగడ రంగులో ఉన్నాయి, నడుము చుట్టూ గోధుమ రంగు గీతలు ఉన్నాయి. పెద్దబాపు బ్లేడుతో సున్నంతో సహా వాటిని నెమ్మదిగా గీరి, కాగితపు పొట్లంలో పెట్టి, పెరటి వెనక ఉన్న చిన్న మద్దిమొక్క ఆకుకు ఆ పొట్లాన్ని దారంతో కట్టాడు. చీమలు ఎక్కకుండా మొక్క మొదట్లో చుట్టూ బూడిద చల్లాడు. నేను హైదరాబాదు వచ్చేశాక తొమ్మిదో రోజు పొద్దున ఫోన్ చేసి, ఏడు పగిలినయనీ, మిగతా నాలుగు ఎండినయనీ, పిల్లలు లేతాకు అంచు పట్టి మేస్తున్నయనీ చెప్పాడు. రాత్రి వాన కొట్టి బూడిద కొట్టుకుపోయిందట, మళ్ళీ చల్లడానికి పెద్దమ్మను పొయ్యి బూడిద అడుగుతున్న మాటలు ఫోన్‌లో వినిపించాయి.